కరెంటు పోతే ఆడిన ఆట

మొన్న ఒక ఆదివారం మా అమ్మాయి ఫోన్లో ఏదో ఆడుకుంటూ, నాన్నా, నీ చిన్నప్పటి వీడియో గేముల్లో నీకు బాగా నచ్చింది ఏది అని అడిగింది. పదో తరగతి చదివే పిల్ల, నాకు ఆ పిచ్చి ఎంత ఉండేదో, ఇప్పటికీ ఎంత మిగిలిందో వాళ్ళమ్మ నోట వినే ఉంటుంది. అడిగిందే చాలనుకుని మొదలుపెట్టాను. ఒక సన్నటి పడవ ఉంటుంది, దాని ముక్కు మాత్రం ఎర్రగా ఉంటుంది, కాలువలో బయల్దేరి సముద్రం దాకా వెళ్ళాలి, దారి పొడుగునా ఎర్రటి తీగలు, నీలం పువ్వులు, వాటి మధ్య కాపలాగా నెమళ్ళు, అవి మెడ తిప్పేదాకా కదలకూడదు, మధ్యలో నీళ్ళు వెనక్కి తీసేస్తే సముద్రపు పోటు వచ్చేదాకా ఓపిగ్గా ఆగాలి, ఒకచోట తీగ తెగి ఉంటుంది, అక్కడ దూకితేనే అవతలికి వెళ్తాం. పేరేమిటంది. గుర్తులేదన్నాను. పాత ఆటల పిచ్చివాళ్ళు దేశదేశాల నుంచి చేరి కబుర్లాడుకునే చోటు ఇంటర్నెట్‌లో ఏదో ఉందట, అక్కడ కూడా అడిగి చూసి, సాయంత్రానికి వచ్చి, అలాంటి ఆట ఎవరూ చూడలేదంటున్నారు నాన్నా, అయినా మీ ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ అన్నావుగా, ఎరుపూ నీలం నీకెలా కనిపించాయి అంది.

నాకు మతి పోయింది. అవును, మాది బ్లాక్ అండ్ వైట్ టీవీయే. నేను డిగ్రీలో చేరేదాకా మా ఇంట్లోకి రంగుల టీవీ రానేలేదు.

నా ఈడువాళ్ళకు ఆ రోజుల గురించి కొత్తగా చెప్పేదేముంది. తొంభైల్లో బందరులో మా నాన్నగారు కోర్టులో గుమాస్తా, పనిమీద బెజవాడ వెళ్ళినప్పుడు నేను పెట్టిన నస భరించలేక ఒక వీడియో గేము కొనుక్కొచ్చారు. క్యాసెట్ మీద వేల ఆటలని రాసి ఉండేది, తీరా చూస్తే ఏడెనిమిదే, వాటినే తిప్పి తిప్పి పెట్టి మనల్ని వెర్రివాళ్ళను చేశారని తెలియడానికి చాలాకాలం పట్టింది. ఇటుకలు పగలగొట్టే ట్యాంకులు, గడ్డిలోంచి లేచే బాతులు, ఇద్దరు సిపాయిలు అడవిలో కాల్చుకుంటూ పోయే ఆట, ఇవే. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి నోటితో ఊదడం, అడాప్టర్ వేడెక్కితే విసనకర్రతో విసరడం, ఇలాంటి వైద్యాలన్నీ మనందరం చేసినవాళ్ళమే. రెండో జాయ్‌స్టిక్ వచ్చిన నెలకే పాడైంది కాబట్టి నాకన్నా నాలుగేళ్ళు పెద్దదైన మా అక్క పక్కన కూర్చుని చూస్తూ ఉండేది. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం పూట కరెంటు తీసేసేవారు. కరెంటు పోగానే అమ్మ వచ్చి స్విచ్ ఆపేసేది, అది ఒక్కసారిగా తిరిగొస్తే టీవీ కాలిపోతుందని ఆవిడ నమ్మకం, పైన దుమ్ము పడకుండా గుడ్డ కూడా కప్పేసేది.

రానురాను నాకు ఆడటం కన్నా ఆటలు తయారుచేయడం మీద మోజు పుట్టింది. లెక్కల పుస్తకం గళ్ళ కాగితాలన్నీ గోడలూ గుంటలూ నిచ్చెనలతో నింపి మాస్టారి చేత తిట్లు తిన్నాను. బందరులోనే డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి, ఆ తర్వాత హైదరాబాదులో బటన్ ఫోన్లకు ఆటలు చేసే ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళాను. మీరు ఎలాంటి ఆట చేస్తారండీ అని అడిగారు. బస్సులో దారి పొడుగునా తయారుచేసుకున్న సమాధానాలన్నీ అక్కడ ఎగిరిపోయి నోట్లోంచి ఆ పడవ ఆటే వచ్చింది. నెమళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఒకాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు, పోటు సంగతి చెప్పేసరికి పెన్ను తీశాడు, బాగుందే అని పక్కాయనతో అన్నాడు. చివర ఏమవుతుందని అడిగారు. చెప్పలేకపోయాను. ఇది మీ సొంత ఆలోచనేనా అని అడిగారు. కాదండీ, చిన్నప్పుడు ఎక్కడో ఆడాను, ఎవరు చేశారో తెలియదన్నాను. ఆయన పెన్ను మూసేసి, ఒకళ్ళ ఆట ఎత్తి పెట్టుకుంటే చిక్కులొస్తాయి బాబూ, సొంతదేదైనా తట్టినప్పుడు రండి అని మర్యాదగానే పంపించాడు.

ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా సొంతది తట్టలేదు. కారు ఆట మొదలుపెట్టినా, కోట ఆట మొదలుపెట్టినా, కొంతదూరం వెళ్ళేసరికి అది ఆ పడవ దారిలోకే తిరిగిపోయేది, నాలో సొంత సరుకు లేదనుకుని మానేశాను. బందరులోనే కోర్టు వీధిలో నెట్ సెంటర్ పెట్టుకున్నాను, సర్టిఫికెట్లకూ హాల్‌టికెట్లకూ జనం వస్తూనే ఉంటారు, బాగానే గడిచిపోయింది. కానీ ఇప్పుడు మా అమ్మాయి అడిగిన ప్రశ్నతో అన్నీ తలకిందులయ్యాయి. అలాంటి ఆట ఎక్కడా లేకపోతే అది నా బుర్రలోనే పుట్టి ఉండాలి కదా. నాదాన్ని నాది కాదని నేనే చెప్పి వచ్చానా? సంతోషించాలో తల బాదుకోవాలో తెలియక మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు, నాలుగో రోజు షాపు మా ఆవిడకి అప్పగించి గుడివాడ బస్సెక్కాను. తెలిస్తే ఆ రోజుల్లో పక్కన కూర్చుని చూసిన అక్కకే తెలియాలి, ఆమెను అక్కడే ఇచ్చారు, బావ బియ్యం వ్యాపారం చేస్తారు.

వెళ్ళేసరికి అక్క గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. నేను నెమళ్ళతో మొదలుపెట్టి తీగ తెగినచోటు దాకా వచ్చేసరికి చేతిలో కాయలు పళ్ళెంలో పడేసి నవ్వడం మొదలుపెట్టింది.

"ఒరేయ్, అది టీవీ మీద గుడ్డ కదరా."

నాకు అర్థం కాలేదు. పెడనలో అద్దకం పని చేయించే నాన్నగారి స్నేహితుడొకాయన ఇచ్చిన గుడ్డట అది. దాని మీదంతా తీగలూ పువ్వులూ నెమళ్ళూ, ఒకచోట అచ్చు పక్కకి జరిగి తీగ అతకలేదు కాబట్టి అమ్మకానికి పనికిరాక మాకిచ్చాడు. కరెంటు పోయి అమ్మ ఆ గుడ్డ కప్పగానే నేను జాయ్‌స్టిక్ పట్టుకుని ఏడుపు లంకించుకునేవాణ్ణట.

"మరి పడవ? ముక్కు ఎర్రగా ఉండేది కదే?"

అక్క తన చూపుడువేలు నా మొహం ముందు పెట్టింది. "గోరింటాకురా."

గోరింటాకుతో ఎర్రబడ్డ అక్క వేలే నా పడవ. నా గుండె పొంగిపోయింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. అయితే ఆ ఆట నేనే కల్పించానన్నమాట, అన్నాను.

"నువ్వెక్కడ కల్పించావు? నేను వేలు పెట్టి చెబుతుంటే నువ్వు నొక్కేవాడివి. తప్పు నొక్కితే పడవ మునిగిందనేదాన్ని. మరీ తేలికైతే విసుగొచ్చి ఏడ్చేవాడివి, మరీ కష్టమైతే ఓడిపోయానని ఏడ్చేవాడివి. రెంటికీ మధ్యలో నిన్ను ఉంచేసరికి నా తలప్రాణం తోకకొచ్చేది. రోజూ ఏదో ఒకటి కొత్తది పెట్టాల్సి వచ్చేది. ఒకసారి ఇంకేం తోచక, అమ్మమ్మగారి ఊరు నాగాయలంకలో పోటు కోసం పడవలు ఆపేసేవారు కదా, అది పెట్టాను. నీకది నచ్చింది."

తేలికకూ కష్టానికీ మధ్య మనిషిని నిలబెట్టడమే ఆట చేయడమని నేను లావుపాటి పుస్తకాల్లో చదువుకున్నాను. మా అక్క అది నా ఏడుపు ఆపడానికి చేసింది. ఇంటర్ అయ్యాక పెళ్ళి చేశారు, ఆటలు చేయడం ఒక ఉద్యోగమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. హైదరాబాదులో నేను ఎవరు చేశారో తెలియదన్న మాట అబద్ధం కాదని ఇన్నాళ్ళకు తేలింది, నాది కాదని కూడా తేలింది, ఏ వైపు నుంచి చూసినా ఏడుపూ నవ్వూ కలిసే వస్తున్నాయి. గుడ్డ ఏమైందని అడిగితే, అమ్మ మిక్సీ మీద కప్పేదని, తర్వాత మసిగుడ్డ అయిపోయిందని చెప్పింది.

ఇక ఒక్కటే మిగిలింది, ఆ ఇంటర్వ్యూలో నేను చెప్పలేకపోయింది. చివర ఏమవుతుందక్కా అని అడిగాను.

"నువ్వు చివరిదాకా ఎప్పుడున్నావు? కరెంటు రాగానే గుడ్డ లాగేసి టీవీ పెట్టేసేవాడివి. నా మాట నోట్లోనే ఉండిపోయేది." పళ్ళెంలోంచి ఒక గోరుచిక్కుడు తీసి తుంచింది. "ఉందిరా, చివర ఉంది. చాలా బాగా అనుకున్నాను. ఒక్కసారైనా నీకు చెబుదామని చూసేదాన్ని. ఇప్పుడు గుర్తు రావడం లేదు."

ఎంత ఆలోచించినా రాలేదు. భోజనం వడ్డిస్తూ ఆగి ఆలోచించింది, నన్ను బస్సెక్కించడానికి వచ్చి అక్కడా ఆలోచించింది, నెమలి ఒకటి దారి చూపిస్తుంది అనుకుంటా అంది, కాదులే అంది.

మన రోజుల్లో కరెంటు పోయిందంటే తిట్టుకునేవాళ్ళం, ఇప్పుడు అది పోవడమే తక్కువ, పోయినా ఇన్వర్టర్ కూడా ఉంది, ఒకరి వేలి వంక చూస్తూ ఒకరు కూర్చునే మధ్యాహ్నాలు ఎవరింట్లోనూ లేవు. ఆ రోజుల్లో కరెంటు ఇంకో పది నిమిషాలు రాకపోయి ఉంటే బాగుండేదని ఇవాళ అనిపిస్తోంది. ఇంటికి రాగానే మా అమ్మాయి, ఇంటర్నెట్‌లో వాళ్ళంతా అడుగుతున్నారు నాన్నా, ఆ ఆట ఎవరు చేశారో తెలిసిందా అంది. మీ అత్తయ్య చేసిందని రాయమ్మా, అన్నాను. రాసింది. ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారట, ఏం చెప్పమంటావంది.

ఇంకా పూర్తి కాలేదని చెప్పమన్నాను.