దేవదానం మాస్టారూ, గోడమీది మనిషీ

డ్రాయింగు మాస్టారు దేవదానం గారికి మనుషులతో ఏ పేచీ లేదు. ఆయన కోపమంతా బొమ్మల్లోని మనుషుల మీదే. వారపత్రిక చేతికిస్తే కథ చదవరు, బొమ్మ చూసి మండిపడతారు. "ఈవిడ మొగుణ్ణి ప్రేమిస్తోందని కింద రాశారు. దాని పాదాలు గుమ్మంవైపు ఉన్నాయి. వచ్చేవారం పుట్టింటికి పోతుంది చూడండి." వచ్చేవారం అది పుట్టింటికి పోయేది. అయినా ఆయన కోపం తగ్గేది కాదు.

బట్టలకొట్లో క్యాలెండరు మీద కడవెత్తుకున్న అమ్మాయి నవ్వుతోందని కొట్టాయనతో గంటసేపు వాదించారు. నిండుకడవతో నడుం అంత నిటారుగా ఉండదనీ, అది ఖాళీ కడవనీ ఆయన వాదం. చర్చిలో పాస్టరుగారు పటం విప్పి, యేసుని ఎరగనని బొంకిన పేతురు పశ్చాత్తాపంతో ఏడుస్తున్నాడని చెబుతుంటే లేచి, ఆ భుజాలు ఏడ్చేవి కావు, చలికి ముడుచుకున్నవి అన్నారు. ఆనాటినుంచి పాస్టరుగారు పటం విప్పేముందు ఈయన ఎక్కడ కూర్చున్నారో చూసుకునేవారు.

సూర్యకుమారి 1958లో బందరులో మాస్టారు పనిచేసే బడిలోనే కుట్టు టీచరు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. చేయవలసింది బడి నడిపే కరస్పాండెంటు భుజంగరావు. తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లాలని సెలవుచీటీ ఇచ్చి, శుక్రవారం అతని గదిముందు గంటన్నర నిలబడింది. లోపల అతను పేపరు చదువుకున్నాడు. చివరికి సోమవారం చూద్దామన్నాడు. ఆ మంటతో ఆమె కుట్టుగదికి వచ్చి, బొగ్గుముక్క తీసుకుని వెల్లగోడ మీద అతన్ని నిలువునా గీసింది. తుడిచేలోగా గంట కొట్టి తలుపులు వేసేశారు.

సోమవారం బడంతా చూసింది. భుజంగరావు టీచర్లందరినీ గోడముందు నిలబెట్టాడు. గీసినవాళ్లు సాయంత్రానికల్లా ఇంటికి పోతారన్నాడు. కనిపెట్టే పని దేవదానం గారికి అప్పగించాడు.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని గీత వెంట వేలు పోనిచ్చారు. మడమ దగ్గర మొదలై తలదాకా చెయ్యెత్తకుండా సాగిన గీత, గుడ్డమీద కుట్టుపువ్వు గీసినట్టు. వేలు ఆగింది. ఆయన ఒక్కసారి సూర్యకుమారి చేతులకేసి చూశారు. ఆమె వాటిని కొంగులోకి లాక్కుంది. ఉద్యోగం పోయిందనుకుంది.

మాస్టారు భుజంగరావు మీద విరుచుకుపడ్డారు.

"ఇది మీరని ఎవరన్నారండీ?"

"కనపడట్లేదా? ఆ పొట్ట, ఆ కండువా?"

"కండువా ఎవడైనా వేసుకుంటాడు. నిలబడిన తీరు చూడండి. పొట్ట ముందుకి, బరువంతా మడమల మీదకి. వెనక్కి పారిపోయేవాడు. బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు. వట్టి పిరికివాడు. ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తే తలుపుచాటుకి పోయే రకం. ఇది మీరేనంటారా? అనండి, ఒప్పుకుంటాను."

భుజంగరావు తన పిడికిలి చూసుకుని మెల్లగా బొటనవేలు బయటికి తీశాడు.

"నేనెందుకవుతాను" అన్నాడు.

"మరి ఇంకెవడి బొమ్మకో మీకీ విచారణ దేనికండీ? అవతల పిల్లలు ఎండలో నిలబడి ఉన్నారు."

సాయంత్రం ఆమె డ్రాయింగు గదికి వెళ్లింది. నోరు విప్పకముందే ఆయన అందుకున్నారు.

"ఇరవయ్యేళ్లకి ఈ ఊళ్లో ఒక్కళ్లు మనిషిని సరిగ్గా నిలబెట్టి గీశారు. అది అతను కాదని నా నోటితోనే అనిపించావు. పైగా ఎడమ మోచెయ్యి తప్పు." ఆమె చేతిలో ఒక కాగితం పెట్టారు. సంతకంతో సహా సెలవుచీటీ. "శుక్రవారం వరండాలో నువ్వు కాళ్లు మార్చి మార్చి నిలబడ్డం చూశాను. నీ చీటీ ఇంకా అతని బల్లమీదే పడుంది. సంతకం పెడుతున్నంతసేపూ రొమ్ము విరుచుకునే కూర్చున్నాడు. రేపు అమ్మని తీసుకెళ్లు."

ఆమె కళ్లు తుడుచుకోబోయింది. మాస్టారు కసురుకుని బొగ్గుముక్క చేతికిచ్చారు. పొట్ట ముందుకి తోసి, బొటనవేలు పిడికిట్లో దాచి, అచ్చం భుజంగరావులా నిలబడ్డారు.

ఆమెకు నవ్వు ఆగలేదు.

"నవ్వకు, మోచెయ్యి చూడు" అన్నారు.