రైలు జబ్బు

మొన్న క్లాంగ్ స్టేషన్‌లో బల్ల మీద కూర్చుని, నా అలవాటు ప్రకారం వచ్చే పోయే రైళ్లని కళ్లప్పగించి చూస్తుంటే, మనవరాలు ఫోన్‌లోంచి తలెత్తి, "తాతా, నీ జబ్బుకి ఫ్రెంచోళ్ల కాడ పేరున్నాది, ఫెరోవిపాత్" అంది. పాత అంటే నేనేగా అన్నాను. కాదట, ముందు సగం రైలుదారి, వెనక సగం గ్రీకుల నాటి మాట, బాధ అని అర్థం, రోగాల పేర్లకి తోకలా తగిలిస్తారట. ఆరో తరగతితోనే బడికి దండం పెట్టిన నేను చివరికి ఫ్రెంచిలో రోగినయ్యానని ఇంకాసేపు నవ్వేవాణ్ణే, కానీ ఆ మాటే మా మామ్మ తెలుగులో అనేదని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

మన ఈడువాళ్లకి చెప్పక్కర్లేదు, జపానువాళ్లు ఈ దేశాన్ని ఏలిన కాలంలో రబ్బరు తోటల్లోంచి మన కూలీల్ని సయాం దేశంలో రైలుదారి వేయడానికి పట్టుకుపోయారు. వాళ్లలో మా తాత ఒకడు, తిరిగి రాలేదు. మా తోటకి తిరిగొచ్చిన ఒక్కడి కాళ్లు ఎముక కనబడేలా పుళ్లు పడి ఉండడం మామ్మ చూసింది. అప్పట్నుంచీ కూత వినబడితే చాలు, తలుపేసి పిల్లల తలలు లెక్కపెట్టేది. నేనేమో అదే కూతకి కిటికీ దూకేవాణ్ణి. "మీ తాతని తినేసిన రైలు జబ్బు నీకూ తగులుకున్నాదేటిరా?" అనేది.

తొమ్మిదో ఏట, మా స్టేషన్‌లో ఆగి ఉన్న, ఇపో ఊరికి పోయే రైలు లోపలెలా ఉంటుందో చూద్దామని ఎక్కాను, అది కాస్తా కదిలిపోయింది. కిటికీ బయట రబ్బరు చెట్లు వెనక్కి పోతుంటే, ఇది సయాం పోతుందేమోనని ఎవరినీ అడిగే ధైర్యం లేక, నా కాళ్లవైపే చూస్తూ కూర్చున్నాను. టికెట్లాయన పై స్టేషన్‌లో దింపి, తిరుగు రైలెక్కించాడు.

దిగేసరికి, ఎవరు చెప్పారో గానీ, జన్మలో స్టేషన్ గడప తొక్కని మామ్మ ప్లాట్‌ఫారం మీద ఉంది. కొట్టలేదు, తిట్టలేదు. నేలమీద కూలబడి, నా పాదాలు ఒళ్లో పెట్టుకుని, చీర చెంగుతో దుమ్ము తుడుస్తూ వేలు వేలూ తడిమింది. రెండు కాళ్లూ ఉన్నాయి మామ్మా, లెక్క సరిపోయింది అన్నాను. నా హాస్యానికి నవ్వని మొదటి మనిషి ఆమె. "పుండు నేదు గదా" అని తనలో తానే మళ్లీ మళ్లీ అనుకుంది.

ఇప్పుడు రైళ్ల తలుపులు వాటంతటవే మూసుకుంటున్నాయి, కూత విని ఇంటి తలుపు మూసేవాళ్లే లేరు. మనవరాలు రోజూ ఆ రైల్లోనే ఆఫీసుకి పోతుంది. సాయంత్రం గడపలో ఆమె జోళ్లు విప్పుతుంటే నా చూపు పాదాల మీదికి పోతుంది. ఏటి చూస్తన్నావు తాతా అంటే, జోళ్లు బాగున్నాయంటాను.