నాయనమ్మకు లేని తమ్ముడు

నా చిన్నప్పుడు మేము కాపురమున్న కాలనీకి ఇంకా పేరు కూడా పెట్టలేదు. జగ్గయ్యపేట అవతల, గడ్డి కూడా సరిగ్గా మొలవని రాళ్ళనేల మీద, సిమెంటు ఫ్యాక్టరీ పనివాళ్ళ కోసం కొత్తగా కట్టిన క్వార్టర్లు అవి. అన్నీ ఒకే పోలిక. బడి నుంచి వస్తూ ఒకసారి మా ఇల్లే అనుకుని వేరే ఇంట్లోకి పోయి కంచం ముందు కూర్చున్నాను. ఆ ఇంటావిడ నన్ను కసరలేదు, నవ్వలేదు. చేయి పట్టుకుని గుమ్మం బయట దిగబెట్టి తలుపు వేసుకుంది. మా కాలనీ ఎలాంటిదో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

చెడ్డవాళ్ళని కాదు. ఒకరు గుంటూరు వైపు వాళ్ళు, ఒకరు ఖమ్మం వాళ్ళు, ఇంకొకరు ఎక్కడో శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు. మా ఊళ్ళో అయితే కనబడిన ప్రతి మనిషికీ ఒక వరస ఉండేది. చుట్టరికం ఉన్నా లేకపోయినా బాబాయి, అత్తయ్య, పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం. ఇక్కడ ఫిట్టరు గారు, డ్రైవరు గారి భార్య, చివరింటి వాళ్ళు. వరస కలపాలంటే ముందు ఊరూ కులమూ అడగాలి. అడిగితే ఏం బయటపడుతుందోనని అందరికీ లోపల బెరుకు. అందుకని ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు.

ఇది మా నాయనమ్మకు అస్సలు గిట్టేది కాదు. ఆవిడ వేదాద్రి దగ్గర మా పల్లె వదిలి, వ్యవసాయం అచ్చిరాక ఉద్యోగంలో చేరిన మా నాన్న వెంట వచ్చింది. వచ్చిన రోజు నుంచీ సణుగుడే. "ఇదేం ఊరే, నోరారా పిలుద్దామంటే ఒక్క వరసన్నా లేదు" అనేది.

మా వరసలో చివరింట్లో ఒక ముసలాయన ఉండేవాడు. కొడుకు ఫ్యాక్టరీలో కూలి, కోడలు చంటిపిల్లతల్లి. ఎక్కడో ఉత్తరాన సముద్రం దగ్గర వాళ్ళ ఊరు. ఆయన ఎవరితోనూ మాట్లాడగా నేను వినలేదు. ఇంటి ముందు రాళ్ళు తవ్వి ఒక మునగకొమ్మ పాతాడు. పొద్దున కుళాయి దగ్గర ఆడవాళ్ళ కొట్లాట అంతా అయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, చివరికి వచ్చే సన్నటి ధారకు బిందె పెట్టుకుని, ఆ నీళ్ళలో కొన్ని ఆ కొమ్మకు పోసేవాడు. పిల్లలం పరిగెత్తే దారిలో రాళ్ళు ఏరి పక్కన పడేసేవాడు. ఆయన గురించి మాకు తెలిసింది అంతే.

ఆ ఎండాకాలం ఒక పొద్దున ఆయన కుళాయి దగ్గరే బిందెతో సహా కూలిపోయాడు. కొడుకు ఎత్తుకుపోయి ఇంట్లో పడుకోబెట్టాడు. కాంపౌండరు వచ్చి చెయ్యి చూసి పెదవి విరిచాడు. మా కాలనీలో అదే మొదటి చావు.

ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళకూడదని కాదు. వాళ్ళవాళ్ళు వస్తారులే అనుకున్నారు. వాళ్ళ పద్ధతులేమిటో, ఎవరు ముట్టుకోవచ్చో, మనం పోతే ఏమనుకుంటారో అని ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడిపోయారు. మా అమ్మా అంతే. వాళ్ళవాళ్ళకు టెలిగ్రాం అందేదెప్పుడు, బస్సులు మారి వచ్చేదెప్పుడు? ఎండ చూస్తే శవాన్ని సాయంత్రం దాకా కూడా ఉంచేలా లేదు. ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, మంచిమాటగానే, మనుషులు లేకపోతే ట్రాక్టరు పంపిస్తామన్నాడు. ఆ ట్రాక్టరు రోజూ రాళ్ళు తోలేది. కొడుకు ఆయన కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాడు. "మా అయ్యని రాళ్ళ బండిలో వద్దు బాబూ" అన్న మాట మా ఇంటిదాకా వినబడింది. ఆ మాట విన్నాక కూడా ఎవరి కాళ్ళూ కదల్లేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడు మా వంటింట్లోంచి పోపు వాసన వచ్చింది. వీధిలో శవం ఉండగా పొయ్యి వెలిగించడం మా పల్లెలో ఎవరూ ఎరగరు. నాయనమ్మ లేచింది. చెంబెడు నీళ్ళు తెచ్చి మండుతున్న పొయ్యిలో గుమ్మరించింది. అమ్మ నోరు తెరిచేలోపే జుట్టుముడి ఊడదీసుకుని వీధిలోకి నడిచింది. నడుస్తూనే ఎత్తుకుంది ఏడుపు.

మా వైపు ఆడవాళ్ళు చావింట్లో ఊరికే ఏడవరు. పోయినవాళ్ళను వరసపెట్టి పిలుస్తూ, వాళ్ళు చేసిన మంచి చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. నాయనమ్మకు ఆ మనిషి పేరు తెలీదు. అయినా "ఓ నా తమ్ముడా" అని మొదలుపెట్టింది. "ఓ నా తమ్ముడా, నీ మునక్కొమ్మకి నీళ్ళెవరు పోస్తారయ్యా! పిల్లల కాళ్ళకింద రాళ్ళెవరు ఏరతారయ్యా! అందరూ పట్టుకున్నాక మిగిలిన నీళ్ళు తాగి బతికావా నా తండ్రీ!"

ఆ రాగం చెవిన పడ్డాక ఇంట్లో నిలబడటం ఏ ఆడమనిషికీ చేతకాదు. ముందు ఫిట్టరు గారి భార్య వచ్చింది. ఒకసారి కుళాయి దగ్గర ఆయన్ని పక్కకు తోసి బిందె పెట్టుకున్న మనిషే ఆవిడ. నాయనమ్మ మెడ పట్టుకుని ఘొల్లుమంది. తర్వాత నన్ను బయట దిగబెట్టిన ఆవిడ వచ్చింది. మగవాళ్ళు మాత్రం దూరంగానే నిలబడ్డారు.

మధ్యాహ్నం షిఫ్టు దిగి వస్తున్న మా నాన్న మలుపులోనే తల్లి ఏడుపు గుర్తుపట్టాడు. మా ఇంట్లో ఎవరో పోయారనుకుని సైకిలు పడేసి పరిగెత్తుకొచ్చాడు. చూస్తే ఎవరో ముసలాయన. పక్కన నాయనమ్మ. ఆవిడ ఏడుపు ఆపి, కొడుకు ముఖంలోకి చూసి, "మీ మేనమామరా. భుజం పట్టు" అంది.

నాయనమ్మకు తోడబుట్టినవాళ్ళెవరూ లేరు. ఆ సంగతి నాన్నకు తెలుసు, నాకు తెలుసు. నాన్న చాలా పరువు గల మనిషి, కోపిష్టి కూడా. ఆయన ఒక్క మాట కాదంటే చాలు, ఆ ఆడవాళ్ళందరూ లేచి వెళ్ళిపోతారు, ట్రాక్టరు వస్తుంది. నాన్న తల్లి వైపు చూశాడు. తర్వాత వంగి బూట్లు విప్పి పక్కన పెట్టాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

ఆయన కదిలాక మగవాళ్ళు కదిలారు. పాడె కట్టారు. ఆ ముసలాయన మనుషుల భుజాల మీదే వెళ్ళాడు. వాగు ఒడ్డున పూడ్చి వచ్చాక, కొడుకు వచ్చి నాయనమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. అప్పుడు అడిగింది ఆవిడ, "మా తమ్ముడి పేరేంటి నాయనా?" అని.

ఆ సాయంత్రం నాన్న స్నానం చేసి వచ్చి, గొంతు తగ్గించి, "నీకు తమ్ముడెక్కడున్నాడే అమ్మా?" అన్నాడు.

"ఇయ్యాలే దొరికాడు, ఇయ్యాలే పోయాడు" అంది నాయనమ్మ. మూడు రోజులు మైల పట్టి, దేవుడి దగ్గర దీపం పెట్టకుండా కూర్చుంది.

దాంతో కాలనీ అంతా ఒక్కటైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. కులం తెలియని మనిషికి మైల పట్టామని ఒకరిద్దరు మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టడం మానేశారు. నెల తిరక్కుండా ఆ కొడుకూ కోడలూ పిల్లను తీసుకుని వాళ్ళ ఊరెళ్ళిపోయారు, మళ్ళీ కనబడలేదు. నేనూ ఫిట్టరు గారి భార్యా నీళ్ళు పోసినా ఆ మునగకొమ్మ బతకలేదు. కాకపోతే ఆవిడ నాకు అత్తయ్య అయింది.

ఇప్పుడు నందిగామలో, హైవే పక్కన కొత్తగా లేచిన ఫ్లాట్లలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ ఫిట్టరు గారు కూడా లేరు, ఫ్లాట్ నంబర్లే. మొన్న కింది అంతస్తులో ఒకాయన పోయాడు. ఫోనులో మా ఫ్లాట్లవాళ్ళ గ్రూపు నిండా దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు. కింద సెల్లారులో కార్ల మధ్య ఐసు పెట్టె, దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక్కతే ఆయన భార్య. పెట్టె మోటారు చప్పుడు తప్ప ఏడుపు లేదు.

"నేను మెసేజ్ పెట్టాగా అమ్మా, నువ్వెందుకు దిగడం" అన్నాడు మా అబ్బాయి. పొయ్యి మీద కుక్కరు ఉంది. కట్టేసి కిందికి దిగాను. నాయనమ్మలా రాగం తీయడం నాకు రాదు. ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి ఐసు పెట్టెకన్నా చల్లగా ఉంది. కాసేపటికి ఆమె నా వైపు తిరిగి, "మీరు ఆయనకేమవుతారండీ?" అంది.

"అక్కని" అన్నాను.

ఆవిడ అప్పుడు ఏడ్చింది. ఆయన పేరేమిటో ఆ తర్వాత అడిగాను.