టేపు చుట్టిన బటన్

ఆసుపత్రి దుప్పట్లు, గౌన్లు ఉతికే విభాగంలో పద్నాలుగేళ్లు పనిచేసిందామె. ఆ విభాగం మూతపడ్డాక, నలభై ఒకటో ఏట, మెషిన్లు నడపడం నేర్పే రెండేళ్ల కోర్సు చదవడానికి కాలేజీలో చేరింది. తరగతిలో మిగతావాళ్లంతా ఇరవై దాటనివాళ్లు. వాళ్లకామె పెద్దక్క. "ఈ వయసులో ఓనమాలేమిటే?" అని భర్త వేళాకోళమాడితే, "నీ గురక వినడంకన్నా నయమేగా" అనేది.

చివరి మూడు నెలలూ ఫ్యాక్టరీలో పని నేర్చుకోవాలి. సూపర్‌వైజర్ రోజూ హాజరు పుస్తకంలో సంతకం పెడితేనే సర్టిఫికెట్. డబ్బాలకు రేకు మూతలు చేసే ఫ్యాక్టరీ అది. పెద్దక్క పక్క మెషిన్ దగ్గర నిలబడ్డ తరగతి పిల్లను అందరూ పిచ్చుక అనేవాళ్లు. పిడికెడు మనిషి, నోటికి మాత్రం విరామం లేదు.

రేకును మూతగా నొక్కే ఆ ప్రెస్సు మెషిన్‌కు రెండు బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే పైదిమ్మ దిగాలి. అప్పుడు ఏ చెయ్యీ దాని కింద ఉండదు. రెండోరోజే పెద్దక్క కంటబడింది: పిచ్చుక మెషిన్‌కు కుడి బటన్ నొక్కి పట్టేలా నల్లటేపు చుట్టేశారు. ఇక ఎడంచెయ్యి ఒక్కటే నొక్కితే చాలు, కుడిచేత్తో రేకులు పెడుతూ ఉండవచ్చు. పని చకచకా సాగుతుంది.

"ఇలా ఉండకూడదని మా మాస్టారు చెప్పారండీ" అంది సూపర్‌వైజర్‌తో.

"నువ్వు పని నేర్చుకోడానికొచ్చావా, మాకు నేర్పడానికొచ్చావా?" అన్నాడతను, హాజరు పుస్తకం మూసేస్తూ.

సాయంత్రం బతిమాలి సంతకం పెట్టించుకుంది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

తొమ్మిదోరోజు పిచ్చుక ఏదో చెప్పి నవ్వుతూ, వంకరగా పడ్డ రేకును సర్దబోయింది. ఎడంచెయ్యి అలవాటుకొద్దీ బటన్ నొక్కేసింది. కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి. ఆ పిల్ల అరవను కూడా లేదు. "అక్కా, ఏమైంది?" అని అడిగింది. పెద్దక్క తన ఏప్రన్ విప్పి చేతికి చుట్టింది. అది తడిసిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

మర్నాడు మాస్టారు తరగతిలో కాగితాలు పంచాడు. పిల్ల అజాగ్రత్త వల్లే జరిగిందని అందరూ రాసివ్వాలట. ఆయన ఎవరి మొహమూ చూడలేదు. "ఆ ఫ్యాక్టరీ కాదంటే మీకు నేర్పడానికి నా దగ్గర మరో మెషిన్ లేదమ్మా. మీ కాళ్లు మీరే నరుక్కోకండి" అన్నాడు.

పెద్దక్క టేపు సంగతి రాసింది. తాను చూశాననీ, సంతకం కోసం నోరు మూసుకున్నాననీ కూడా రాసింది.

ఆ కాగితం ప్రభుత్వ అధికారుల దాకా వెళ్లింది. తనిఖీ జరిగింది, టేపులు ఊడాయి. ఫ్యాక్టరీ కాలేజీవాళ్లను గేటు దాటనివ్వడం మానేసింది. ఆ ఏడు తరగతిలో ఎవరికీ సర్టిఫికెట్ రాలేదు. "పుణ్యం నీకు, పాట్లు మాకు" అని ఒకమ్మాయి మొహంమీదే అంది. మిగతావాళ్లు ఆ మాత్రం కూడా మాట్లాడలేదు.

నెల తర్వాత పెద్దక్క పిచ్చుక ఇంటికి వెళ్లింది. మూడో అంతస్తులో ఒక్కటే గది. తల్లి పనికి వెళ్లిపోయింది. పిల్ల కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని మంచంమీద కూర్చుంది.

"ముందే చూశానని రాశావటగా అక్కా. సూపర్‌వైజర్‌తో అన్నావు, కాగితంమీద పెట్టావు. పక్కనే ఉన్నాను కదా, నాకెందుకు చెప్పలేదు?"

అబద్ధం ఆడదామన్నా పెద్దక్కకు నోరు రాలేదు. "నువ్వు భయపడి పని ఆపితే, నేనే ఎగదోశానని నా సంతకం ఆపేస్తాడనుకున్నానే."

పిచ్చుక గోడవైపు తిరిగి కూర్చుంది. "జడ వెయ్యి. చిక్కులు పడి తల పీకేస్తోంది" అంది.

పెద్దక్క ఒక్కొక్క చిక్కే తీసి జడ వేసింది. తర్వాత ఆమె ఒక హోటల్లో గిన్నెలు కడిగే పనికి కుదిరింది. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి జడ వేసి వచ్చేది. పిచ్చుక ఎడంచేత్తో రాయడం నేర్చుకుంది, మళ్లీ కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. క్షమించానని మాత్రం ఎన్నడూ అనలేదు. పెద్దక్క అడగనూ లేదు.