రాహేలక్కకి కాలు తగిలితే

మా కొత్తపేటలో ఫారిన్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళకు కొదవ లేదు. కువైట్‌లో ఏ ఇంట్లో ఎన్ని గదులు తుడవాలో ఇక్కడ అరుగు మీద కూర్చునే చెప్పేస్తారు. కానీ ఫారిన్ వెళ్ళి బంతి ఆపి వచ్చిన మనిషి మాత్రం ఒక్కతే. సాలమోను గారి అమ్మాయి రాహేలు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఫుట్‌బాల్‌లో స్టాపర్. అంటే గోల్‌కీపర్‌కి ముందు నిలబడి, మీదికొచ్చే వాళ్ళ కాళ్ళలోంచి బంతి లాగేసుకోవడం ఆవిడ పని.

ఆవిడ తన్ను ఎలాంటిదో చెప్తే మీరు నమ్మరు, అయినా చెప్తాను. ఒకసారి బంతి గురి తప్పి కొబ్బరిచెట్టుకి తగిలితే నిండు గెల ఊడి కిందపడింది. చెట్టు యజమాని పరిగెత్తుకొచ్చాడు. దెబ్బలాటకి అనుకున్నాం. కాదు, మిగతా చెట్లు కూడా తన్నిపెట్టమని బతిమాలడానికి. దింపు కూలీ కలిసొస్తుందని ఆయన ఆశ. మాల్దీవుల్లో ఆవిడ తన్నిన బంతి సముద్రం దాటి పక్క దీవిలో పడిందనీ, ఆ దీవివాళ్ళు ఆ బంతితోనే టీము పెట్టుకున్నారనీ ఊరంతా చెప్పింది నేనే. ఆవిడ ఔననలేదు, కాదనలేదు.

నిజంగా జరిగింది ఇంతకన్నా చిన్నది. హాస్టల్లో ఆట నేర్చుకుంది. నేపాల్లో ఆడింది, మాల్దీవుల్లో ఆడింది. పోయిన ఏడాది అక్కడి క్లబ్బుకి కొత్త కోచ్ వచ్చి, "మోకాలు జాగ్రత్తగా చూసుకో" అని చెప్పి ఇంటికి పంపేశాడు. అప్పటినుంచీ రోజూ తెల్లారగట్లే ఆ క్లబ్బు చొక్కా వేసుకుని కాలవగట్టు మీద పరిగెడుతుంది. ఎదురొచ్చిన ఆడవాళ్ళు ఆపి అడుగుతారు.

"ఈసారి ఏ దేశమే రాహేలూ? ఇంటి పనా, ముసలాళ్ళని చూసుకునే పనా?"

"బంతి పనండి."

"అదేం పనే" అని నవ్వుకుంటూ పోతారు.

ఈ వేసవిలో హైదరాబాదు నుంచి శ్రీరామచంద్రమూర్తి గారు ఫోన్ చేశారు. ఈయనది అమలాపురమే. ఆటగాళ్ళని బయటి దేశాల క్లబ్బులకు కుదర్చడం ఆయన వ్యాపారం. మాల్దీవుల్లోనే ఇంకో క్లబ్బుకి స్టాపర్ కావాలట. "అయితే ఒకటండి. మీరు ఒకప్పుడు ఎలా ఆడేరన్నది వాళ్ళకి అక్కర్లేదంట. ఇప్పుడు ఎలా ఆడతన్నారో చూడాలంట. ఒక ఆట మొత్తం, ఎక్కడా కోత పెట్టకుండా వీడియో తీసి పంపండి. నెలాఖరు దాటితే లాభం లేదండి."

మా వైపు వాలీబాల్ ఉంది, కబడ్డీ ఉంది. ఆడవాళ్ళ ఫుట్‌బాల్ టీము మాత్రం గోదావరి ఈ పక్కా లేదు, ఆ పక్కా లేదు. ఇంక మిగిలింది మా కుర్రాళ్ళ టీము. ఆవిడ వచ్చి అడిగింది. మేము కాదంటామా? రెండు జట్లుగా చీలాం. పంట కోసిన చేను చదును చేశాం. పెళ్ళిళ్ళకి వీడియో తీసే శ్యామ్ సుందర్‌ని ట్రాక్టరు తొట్టి మీద నిలబెట్టాం. పూలు రాలడాలు, పాటలు పెట్టొద్దని ఒట్టు వేయించుకున్నాం.

మా కెప్టెన్ సత్యదుర్గారావు. ఆటో తోలుతాడు, ఆట కూడా అలాగే ఆడతాడు, ఎదటివాడే తప్పుకోవాలి. ఆ రోజు మాత్రం బంతితో దూసుకొచ్చి, రాహేలక్క దగ్గరకొచ్చేసరికి స్పీడ్ బ్రేకరు కనబడ్డట్టు నెమ్మదించాడు. ఆవిడ బంతి లాక్కోబోతుంటే దుర్గారావు కాలు ఆవిడ కాలికి తగిలింది. వాడు బంతి వదిలేశాడు. వంగి, ఆవిడ మోకాలు ముట్టుకుని, ఆ వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు.

"లెగు, బంతి అటు పోతంది" అంది రాహేలక్క.

"కాలు తగిలిందక్కా."

"తగలాలనే కదయ్యా ఆట."

"పెద్దోరు కదండి, పాపమండి."

కెప్టెన్ చేశాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? ఆట ముగిసేలోపు అవతలి జట్టులో సగం మంది ఆవిడ మోకాలు కళ్ళకద్దుకున్నారు. మిగతా సగం అసలు తగలకుండానే చుట్టు తిరిగి వెళ్ళారు. ఆవిడ వెనకాల గోల్‌లో నిలబడింది నేను. ఆ రోజు నన్ను దాటి ఒక్క బంతీ పోలేదు. నా దాకా వస్తే కదా పోవడానికి. అయినా అంత గొప్ప కీపింగు మా మండలంలో ఇంతవరకు ఎవరూ చేయలేదు.

వీడియో వెళ్ళింది. మూర్తి గారి ఫోన్ వచ్చినప్పుడు మేమంతా ఆవిడ ఇంటి వాకిట్లోనే ఉన్నాం. స్పీకరు పెట్టింది.

"చూసేరండి. నవ్వేరండి. ఇదేమన్నా గుడి ఉత్సవమా, మధ్యలో ఆ దణ్ణాలేంటని అడిగేరు. ఆపడానికి నిలబెట్టిన మనిషి దగ్గర అందరూ వాళ్ళంతట వాళ్ళే ఆగిపోతంటే, ఇంక ఆవిడ ఆపేదేంటన్నారు. ఇంకోటి పంపమన్నారండి. ఇదే ఆఖరు."

ఫోన్ పెట్టేసి ఆవిడ మావైపు తిరిగింది. "మన వైపు మర్యాద లేని వాళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

దుర్గారావు చెయ్యెత్తాడు. "పలివెల రాఘవులు గారమ్మాయి హారిక ఉందండి. డిగ్రీ చదువుతంది. కాలేజీలో ఆడుతుందంట. నా ఆటో ఎక్కి, చిల్లర లేదంటే నా హారను పీక్కుపోయిందండి."

"ఆయ్, ఆ పిల్లయితే సరే" అంది రాహేలక్క.

ఆవిడే పలివెల వెళ్ళింది. ఓ వారం ఆ పిల్లని వెంటేసుకుని తిరిగింది. బంతి ఎప్పుడు వదలాలో, భుజం ఎలా ఆనించాలో తనకి తెలిసిందంతా చెప్పింది. చివరికి చెప్పకూడనిది కూడా చెప్పింది. అది మా ముందే జరిగింది.

"నన్ను అక్కా అనుకోకు. దారికి అడ్డం కట్టిన గోడ అనుకో. నా ఎడం మోకాలు తొందరగా తిరగదు. ఆట తెలిసినోళ్ళు అటునుంచే వస్తారు. నువ్వూ అటే రా. అటొచ్చినా ఆపేననుకో, అప్పుడు వాళ్ళు నమ్ముతారు."

"నిజంగానే వచ్చేస్తానక్కా."

"రా మరి."

రెండో ఆట రోజు హారిక పసుపు చొక్కా వేసుకుని వచ్చింది. మొదటి సగంలో వచ్చినప్పుడల్లా రాహేలక్క బంతి లాగేసుకుంది. ఒకసారైతే పడుకుని, కాలు కొడవలిలా తిప్పి లాగింది. ట్రాక్టరు మీద శ్యామ్ సుందర్ కెమెరా వదిలేసి చప్పట్లు కొట్టబోయాడు. ఈవిడ వెళ్ళిపోతుందిరా అనుకున్నాను.

రెండో సగంలో ఎండ ఎక్కింది. హారిక ఎడమవైపు నుంచి వచ్చింది. రాహేలక్క తిరగబోయింది. నడుం తిరిగింది, మోకాలు తిరగలేదు. హారిక బూటు మేకులు ఆవిడ కాలి మీద చర్మం గీసుకుంటూ పోయాయి. ఆ పిల్ల వంగలేదు, వెనక్కి చూడలేదు. గోల్ కొట్టింది. నేను తాటిచెట్టంత ఎత్తు లేచాను గానీ బంతి కిందనుంచి పోయింది. తరవాత మళ్ళీ అటే వచ్చింది. ఆ తరవాత ఇంకోసారి. మూడోసారికి రాహేలక్క చేలో కూర్చుండిపోయింది. కాలినుంచి నెత్తురు కారుతుంటే మా అందరినీ చూసి నవ్వింది.

"ఇదిరా ఆటంటే. ఇప్పుడు నమ్ముతారు."

నమ్మారు. నెలాఖరు కాకుండానే మూర్తి గారు ఫోన్ చేశారు.

"చాలా బాగుందన్నారండి. మొత్తం చూసేరంట, రెండుసార్లు." రాహేలక్క వాళ్ళమ్మ కృపావతి గారు చేటలో బియ్యం అలాగే పట్టుకుని నిలబడ్డారు. "ఆ పసుపు చొక్కా పిల్ల ఎవరని అడిగేరండి. నెంబరు ఉందా మీ దగ్గర?"

"మరి నేనండి?"

"మీ గురించి కూడా మంచిగానే అన్నారు. ఆ పిల్ల ఎంత గట్టిదో మీరు ఎదురుగా ఉండబట్టే తెలిసిందంట. స్టాపర్ని వేరే చోట చూసుకుంటారంటండి."

ఆవిడ నెంబరు చెప్పింది. తప్పు పోకుండా రెండోసారి కూడా చెప్పింది.

"లేదని చెప్పలేకపోయేవా?" అన్నారు కృపావతి గారు.

"చెప్తే నన్ను తీసుకుంటారామ్మా?"

ఆ వారంలోనే రాఘవులు గారు బొండాల గెల ఒకటి ఆటోలో వేసుకుని వచ్చారు. మంచి మనిషి, గట్టిగా మాట్లాడరు. కుర్చీ వేసినా అంచు మీదే కూర్చున్నారు.

"అంతా మీ చలవేనండి రాహేలు గారూ. పిల్ల ఎప్పుడూ ఇల్లు దాటింది కాదు. ఆ క్లబ్బు వాళ్ళకి ఆడే పిల్లలుండే చోట వంటమనిషి కావాలంటండి, మూర్తి గారు చెప్పేరు. మీకా దేశం అలవాటే కదండి. మీరు తోడుంటే మాకు ధైర్యం. ఏమనుకోకండే."

కాలవగట్టు మీద ఆడవాళ్ళు అడిగిన ప్రశ్నకి రాఘవులు గారు జవాబు తెచ్చిపెట్టారు.

"నాకు వంట రాదండి" అంది రాహేలక్క.

ఆవిడ చేపల పులుసు తిని మా టీములో ఒకడు మూడ్రోజులు చెయ్యి కడుక్కోలేదు. ఆ సంగతి ఎవరమూ ఎత్తలేదు.

హారిక వెళ్ళేటప్పుడు చెప్పడానికి రాలేదు, బస్సుకి టైమైపోయిందట. ఎయిర్‌పోర్టు నుంచి గొంతు రికార్డు చేసి పంపింది. "అక్కా, అక్కడ స్టాపర్లకి మోకాళ్ళు ఎలా ఉన్నాయో ముందే చూసుకుంటా. మిమ్మల్ని దాటినట్టే దాటేస్తా. థాంక్సక్కా." పిల్ల నిజంగా సంతోషంతోనే అంది. రాహేలక్క మా ముందే విని, ఫోన్ బోర్లా పెట్టేసింది.

తరవాతి ఆదివారం ఆవిడ మళ్ళీ చేలోకి వచ్చింది. కెమెరా లేదు. క్లబ్బు చొక్కా కూడా లేదు, చుడీదార్ మీదే బూట్లు వేసుకుంది. మేము ముందే మాట్లాడుకున్నాం, ఈసారి గట్టిగా ఆడదామని. దుర్గారావు బంతితో నిజంగానే దూసుకొచ్చాడు, నెమ్మదించలేదు. కాలు తగిలింది. తగలగానే అలవాటు కొద్దీ వాడి నడుం వంగిపోయింది. మోకాలు ముట్టుకుని వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చి, తిట్టు కోసం చూస్తూ అలాగే ఆగిపోయాడు.

రాహేలక్క లెగమనలేదు. బంతి దొర్లుకుంటూ కాలవలోకి పోతోంది, అటు చూడనూ లేదు. వాడి తల మీద చెయ్యి పెట్టి, "చల్లగా ఉండయ్యా" అంది.