ఫ్రీ త్రో వేళ దగ్గు

మా తాత డెల్మర్ అమెరికాలోని కెంటకీ కొండల్లో బతుకంతా బొగ్గు తవ్వి, ఆ దుమ్మునే ఊపిరితిత్తుల నిండా నింపుకుని ఇంటికొచ్చాడు. మా యూనివర్సిటీ జట్టు బాస్కెట్‌బాల్ ఆడే రోజున టీవీ శబ్దం తీసేసి, రేడియోలో మా జట్టు వ్యాఖ్యాత మాటలు పెట్టేవాడు. మా ఆటగాడు ఫ్రీ త్రోకి, అంటే ఎవరూ అడ్డురాకుండా ఒంటరిగా బంతి రింగులో వేయడానికి, నిలబడితే ఇంట్లో ఎవరూ చప్పుడు చేయకూడదు. చేస్తే బంతి తప్పుతుందని మా అందరి నమ్మకం. తాత దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకునేవాడు. ఆ మొహం చూస్తూనే నేను ఆ జట్టు అభిమానినయ్యాను.

ఒక టోర్నమెంటులో ఒక్క పాయింటు వెనకబడి ఉండగా, ఆఖరి క్షణంలో మావాడికి ఫ్రీ త్రో దొరికింది. తాత మొహం నల్లబడింది. ఇక ఆపుకోలేక దగ్గేశాడు. బంతి రింగుకి తగిలి బయటపడింది.

"నేనే ఓడించానురా చిన్నోడా," అన్నాడు.

"చాల్లే ముసలోడా! నీ దగ్గు అంత దూరం వినపడేదైతే బొగ్గు కంపెనీవాళ్లకి ఎప్పుడో వినపడేది," అంది నానమ్మ.

తాత నవ్వలేదు. అప్పట్నుంచి ఫ్రీ త్రో వస్తే చాలు, లేచి మంచులో వరండాలోకి వెళ్లి దగ్గేవాడు. బంతి పడితే నేను కిటికీ అద్దం మీద తట్టాలి, అప్పుడే లోపలికి వస్తాడు.

బయట చలి. తప్పినా తట్టేవాణ్ణి.