అండాలమ్మ గులాబీ, నా చవక కత్తి

కోదాడలో మా బిడ్డ ఇంటి దగ్గర ఒక దుకాణం ఉంది. ఏది తీసుకున్నా తొంభై తొమ్మిదే అని బయట ఎర్ర బోర్డు. లోపల అడుగు పెట్టగానే కొత్త ప్లాస్టిక్ వాసన కొడుతుంది, దాని వెనకే ఇనుముకు పూసిన నూనె వాసన. మొన్న చీపురు కోసం వెళ్లి, ఆ నూనె వాసనకు చీపురు సంగతే మరిచిపోయి నిలబడ్డాను. మొక్కల సామాను పెట్టిన అర దగ్గర ఒక కొత్త జంట వాదులాడుకుంటోంది. ఆ పిల్ల చేతిలో అట్టకు కట్టిన చిన్న తాపీ, కత్తెర, కత్తి ఉన్నాయి.

“ఎందుకే ఇవి? రెండ్రోజులకే విరిగిపోతాయి” అంటున్నాడు అబ్బాయి.

“విరిగితే విరగనీ. నాలుగు కుండీలకు వేలు పోసి కొంటామా?” అంటోంది పిల్ల.

వాళ్లకు సరైన జవాబు చెప్పగలిగిన మనిషి ఒకతె ఉండేది. ఆమె పేరు అండాలమ్మ. నాకు సంతకం వరకే రాత వచ్చు కాబట్టి నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది. అండాలమ్మను పొగడడానికి చెబుతున్నానని మాత్రం అనుకోవద్దు. ఆమెను చూసి కుళ్లుకున్నంతగా నేను ఈ లోకంలో ఇంకెవరినీ చూసి కుళ్లుకోలేదు. నా చేతికి పని నేర్పిందీ ఆమే. రెండూ నిజమే, ఒకదానికొకటి అడ్డం కాదు.

సూర్యాపేటలో మాది కిరాయి ఇల్లు. మధ్యగోడకు అవతల అండాలమ్మ వాళ్లు. మా ఆయన మార్కెట్ యార్డులో హమాలీ. ఒకరోజు వడ్ల బస్తా దించి, మంచినీళ్లు అడిగి, ఆ నీళ్లు వచ్చేలోపే పోయాడు. ఆమె భర్త లింగయ్య రైస్ మిల్లులో మిషన్ల మీద పని చేసేవాడు. నేను బావ అని పిలిచేదాన్ని. సాయంత్రం సైకిల్ గంట మోగిందంటే ఆయన వచ్చినట్టు. మా ఇంటికి ఇక ఏ గంటా మోగేది లేదు. ఆ మోత వినగానే నేను పంపు స్టవ్ మంట పెద్దది చేసేదాన్ని, చప్పుడుకు చప్పుడు.

ఆమె పెరట్లో ఒక నాటు గులాబీ చెట్టు ఉండేది. ముదురు ఎరుపు పువ్వు, చిన్నదే, కానీ వాసన గోడ దాటి మా వంటింట్లో కూర వాసనను కూడా మింగేసేది. తలస్నానం చేసి, ఒక పువ్వు జడలో పెట్టుకుని ఆమె పెరట్లో తిరిగేది. ఆమె పొట్టి మనిషి. నేను ఇవతల గిన్నెలు తోముతుంటే గోడ మీద ఆ పువ్వు ఒక్కటే కనబడేది, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఎవరో నా కళ్ల ముందు ఆడించినట్టు ఉండేది. శ్రావణ శుక్రవారాలు వస్తే వాడలో ఆడవాళ్లంతా ఆమె గుమ్మంలో నిలబడేవాళ్లు. “అక్కా, రెండు పూలియ్యవా” అని బతిమాలేవాళ్లు. వాళ్లు మా గుమ్మం ముందు నుంచే పోవాలి. నా ముఖం ఎదురుకాకుండా తలలు పక్కకు తిప్పుకుని పోయేవాళ్లు. నాకు ఒక్కటే పట్టుదల పుట్టింది. ఆ గులాబీ నా వాకిట్లో పూయాలి. ఒక్కరంటే ఒక్కరైనా నా గుమ్మంలో నిలబడి, నన్ను పువ్వు అడగాలి. పక్కన నిలబడి అండాలమ్మ అది చూడాలి.

ఒకనాడు ఆమే పట్టుకుంది నన్ను.

“ఏం సైదమ్మా, గోడ మీద కండ్లు పెట్టి సూస్తున్నవ్. నా మొగుణ్ణా, నా పువ్వునా?”

“నీ మొగుణ్ణి నేనేం జేసుకుంట? ఒక కొమ్మ ఇయ్యరాదు.”

“కొమ్మ గుచ్చితె బతికే జాతి గాదిది. అడవి గులాబి మొదలు మీద దీని కన్ను తీసి అంటు కట్టాలె. నేర్సుకుంటవా? నేర్సుకుంట అంటె చెప్త. ఊకె ఇయ్య.”

అట్లా మొదలైంది. కొమ్మ మీద ఆకు కాడ పక్కన చిన్న మొగ్గ ఉంటుంది, దాన్ని కన్ను అంటారు. దాన్ని బెరడుతో, ఆకు కాడ తునకతో సహా లేపి, అడవి మొక్క బెరడు చీల్చి, అందులోకి జార్చి కట్టు కట్టాలి. ఆమె చేస్తుంటే పిల్లకు పాలు పట్టినంత తేలికగా కనబడింది. ఆమె దగ్గర అంటు కత్తి ఉండేది, కర్ర పిడి, మడిచే కత్తి. హైదరాబాద్ నుంచి లింగయ్య బావ తెచ్చిచ్చాడు. ఆ కత్తిని ఆమె ఎవరి చేతికీ ఇవ్వదు.

“జర నీ కత్తి ఇయ్యి అక్కా, ఒక్కసారి.”

“నా మొగుణ్ణడిగితె ఒక పూటకు తోలుతనేమో గాని, కత్తి మాత్రం ఇయ్య” అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాక ఆ మాటే మళ్లీ మళ్లీ వినబడింది. ఇవ్వడానికి, ఇవ్వకపోవడానికి కూడా ఆమెకు ఇద్దరున్నారు, మొగుడూ, కత్తీ.

మరునాడు సూర్యాపేట బస్టాండు వైపు అప్పుడే పెట్టిన చవక దుకాణానికి వెళ్లి అట్టకు కట్టిన సామాను తెచ్చుకున్నాను. నాక్కూడా ఉన్నాయని చూపించాలి కదా. మొదటిరోజే తాపీ మెడ వంగింది. కత్తెర స్ప్రింగు ఎగిరి మోరీ కాలువలో పడింది. అండాలమ్మ గోడకు చేతులు ఆనించి వినోదం చూసింది. తర్వాత ఇవతలికి వచ్చి, వంగిన తాపీని బండ మీద పెట్టి కాలితో తొక్కి తిన్నగా చేసింది. కత్తెరకు ఒక రబ్బరు ముక్క ఇరికించింది.

“గివి పర్వలేదు. మట్టిది మట్టే, వంకర తాపీకైనా లొంగుతది. కత్తితోనే పరేషాన్. కన్ను నలిగినంక ఏ దేవుడొచ్చి అతికిస్తడు?”

ఆమె అన్నట్టే అయింది. నేను కట్టిన కన్ను నల్లబడింది. మళ్లీ కట్టాను, మళ్లీ నల్లబడింది. కత్తి అంచు బెరడును కొయ్యడం లేదు, నమిలేస్తోంది. “నీకేమమ్మా, మంచి కత్తి ఉన్నది” అన్నాను మంటగా.

అప్పుడే పిడుగులాంటి కబురు వచ్చింది. లింగయ్య బావకు మిర్యాలగూడ మిల్లులో పని కుదిరింది. వాళ్లు ఉంటున్న ఇల్లు యజమాని అమ్మేశాడు. కొన్నవాళ్లు పెరడంతా చదును చేసి సిమెంటు పోస్తారట, కార్లు పెట్టుకోవడానికి. ముసలి గులాబీని తవ్వి తీస్తే బతకదు. మిర్యాలగూడలో వాళ్లకు దొరికింది మేడ మీద ఒక్క గది, ఎండ రాదు, మిల్లు దుమ్ము. కాబట్టి ఆ చెట్టు బతికితే నా వాకిట్లో బతకాలి, లేదంటే ఖతం. ఆమె ఆ మాట పైకి అనలేదు. కానీ ఆ సాయంత్రం తనే మా ఇంటికి వచ్చింది.

“కత్తిది తప్పంటున్నవ్ గద. పదునుపెట్టినవా?”

“కొత్త కత్తికి పదునేంది?”

“ఓసి పిచ్చిదానా! చవక కత్తి దుకాణంల పదునై రాదు. ఇంటికొచ్చినంక మనం జెయ్యాలె. మెత్త ఇనుము. జల్ది పదునెక్కుతది, జల్ది పోతది. కన్ను కన్నుకూ నూరాలె. చాయ కప్పు తే.”

కప్పు బోర్లించింది. అడుగున నున్నటి పూత లేని గరుకు అంచు ఉంటుంది కదా, దాని మీద నీళ్లు చిలకరించి నన్ను కత్తి నూరమంది. వేలిగోటి మీద ఆనించి చూసింది.

“ఇంక ఇనుప నూగు ఉన్నది అంచుకు. తోలు మీద గుంజితె పోతది. ఇంట్ల తోలు చెప్పు ఉన్నదా?”

“నీ మొగుని చెప్పు తేరాదు?”

“మావోడు తొడుక్కొని తిరుగుతున్నడు గద.”

అంత మాట అంది. అని, కప్పు కడగడానికి లేచింది. తను ఏమందో కూడా తెలియదు ఆమెకు. నాకు కోపం ముంచుకొచ్చింది. అటక మీద ఒక సంచి ఉంది. యార్డు వాళ్లు మా ఆయన శవంతో పాటు తెచ్చి ఇచ్చిన సంచి. అందులో ఆయన తోలు చెప్పులు. నేను దాన్ని దించలేదు, ఎవరినీ దించనివ్వలేదు. ఆ కోపంలో స్టూలు ఎక్కి, సంచి లాగి, ఒక చెప్పు తెచ్చి ఆమె ముందు పడేశాను. ఇంద, నా మొగుడు తొడుక్కోవడం లేదు, అన్నట్టు.

ఆమె ముట్టుకోలేదు. “నువ్వే గుంజు” అంది మెల్లగా.

చెప్పులో ఆయన వేళ్ల అచ్చులు అట్లాగే ఉన్నాయి. బస్తా ఎత్తి నడిచిన మనిషి కాబట్టి మడమ ఒక పక్కకు అరిగింది. వేళ్ల అచ్చులు వదిలేసి, మడమ దగ్గర కత్తిని వెనక్కి లాగాను. మళ్లీ లాగాను. ఎంతసేపు లాగానో నాకు తెలియదు. అండాలమ్మ పక్కనే కూర్చుంది, చాలు అనలేదు. ఆఖరికి అడవి మొక్క దగ్గర కూర్చుని బెరడు మీద కత్తి పెడితే, ఉడికిన పల్లీ పొట్టు విడినట్టు విడిపోయింది. కన్ను లోపలికి జారింది. పాల ప్యాకెట్ చీల్చి కట్టు కట్టాను.

“ఇగ మంచి కత్తి ఎప్పుడు కొనాల్నో తెలుసా?” అంది ఆమె లేస్తూ. “తప్పు కత్తిది గాదని నీకు తెలిసిన్నాడు.”

వాళ్లు సామాను సర్దుతుంటే సాయానికి వెళ్లాను. తలుపు వెనక మేకుకు ఒక పాత బెల్టు వేలాడుతోంది, మధ్యలో నల్లగా నిగనిగలాడుతూ.

“గిదేంది అక్కా?”

“కత్తి గుంజేది. మీ బావ పాత బెల్టు.”

“బెల్టు పనికొస్తదని తెలిసి నన్ను చెప్పు దింపమన్నవా?”

“నీ ఇంట్ల బెల్టున్నదా?”

“అడిగితె ఇది ఇయ్యకపోదువా?”

ఆమె బెల్టు చుట్ట చుట్టి పెట్టెలో వేసుకుంది. “ఇస్తె ఆ సంచి ఎన్నడు దింపుదువు?” అంది. అది నా మేలు కోరి అన్నదో, పిసినారితనాన్ని కప్పిపుచ్చుకోవడానికి అన్నదో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆమె మామూలుగానే పిసినారి.

వాళ్లు వెళ్లిన కొన్నాళ్లకు, అవతల సిమెంటు ఆరుతుండగా, నేను కట్టిన కన్ను పక్కన ఉన్న ఆకు కాడ ముట్టుకోగానే రాలింది. ఫోన్ చేశాను.

“ముట్టుకుంటె రాలిందా, ఎండి పట్టుకున్నదా?”

“ముట్టుకుంటె రాలింది.”

ఆమె వెనక మిల్లు మోత వినబడింది. “మంచిది, అంటు పట్టింది. నీళ్లెక్కువ పొయ్యకు” అని పెట్టేసింది. శభాష్ అంటే ఏం పోయేదో!

గులాబీ పూసింది. అదే ఎరుపు, అదే వాసన. నేను గుమ్మం తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. శుక్రవారం వస్తే బజారులో మూర పూలు కొనుక్కున్నారు కానీ మా ఇంటి పువ్వు అడగలేదు. అదే చెట్టు ఆమె పెరట్లో ఉంటే మంగళం, నా వాకిట్లో ఉంటే కాదు. రెక్కలు రాలి వాకిలంతా ఎర్రగా పరుచుకునేది, నేనే ఊడ్చుకునేదాన్ని. ఊడుస్తూ ఆమెను తిట్టుకునేదాన్ని. తిట్టుకుంటూనే మరో అడవి మొదలు తెచ్చి అంటు కట్టేదాన్ని. చేతికి అలవాటైన పని మానలేకపోయాను.

కొన్నేళ్లు గడిచాక ఒక తెల్లవారుజామున లింగయ్య బావ ఫోన్ చేశాడు.

“మీ అక్క పోయింది సైదమ్మా. వచ్చేటప్పుడు నీ గులాబీలు తే. బజారు పూలు పెడితె ఊకోనన్నది.”

నన్ను పువ్వు అడిగిన మొదటి మనిషి ఆయనే. కప్పు బోర్లించి, కత్తి నూరి, చెప్పు మీద గుంజి, చెట్టు మీద ఉన్న పువ్వులన్నీ కోశాను. తడి గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని మిర్యాలగూడ బస్సు ఎక్కాను.

ఆమెకు ముఖం నిండా పసుపు, నుదుట ఇంత బొట్టు. నేను దగ్గరకు పోబోతే ఒక పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది. “నువ్వాగమ్మా, ముత్తయిదువలు పెడతరు” అని గుడ్డ నా చేతిలోంచి తీసుకుంది. విప్పగానే ఆగిపోయింది. ముఖం దగ్గర పెట్టుకుంది.

“అబ్బ! ఎవరింట్లయి గివి?”

“మా ఇంట్లయి.”

“నాకొక కొమ్మ ఇస్తవా తల్లీ?” అందామె. పక్కనున్నావిడ, “నాక్కూడ” అంది. పీనుగ పక్కన కూర్చుని, గుసగుసగా, నా చెయ్యి పట్టుకుని మరీ అడిగారు.

నేను ఇన్నేళ్లు కోరుకున్నది అదే. చూసి కుళ్లుకోవలసిన మనిషి మాత్రం కళ్లు మూసుకుని పడుకుంది. పైగా నా వాకిట్లో పూసిన పువ్వులు కూడా చివరికి ఆమె జడలోకే వెళ్లాయి. మొగుడు పక్కన ఉండగా, బొట్టుతో, పూలతో, తన గులాబీ వాసనతో పోయింది. నాకు ఏడుపు ఆగలేదు. అందులో కుళ్లు ఎంతో, దుఃఖం ఎంతో విడదీసి చెప్పమంటే నా వల్ల కాదు. ఆ అంటు కత్తి నాకు ఇస్తారేమో అని కూడా అక్కడే చూశాను. ఇవ్వలేదు. ఆమె కోడలు ఇప్పుడు దానితో కొబ్బరి చిప్పలు పెకిలిస్తోందట.

దుకాణంలో ఆ పిల్ల నా వైపు తిరిగింది. “అమ్మా, మీరు చెప్పండి. ఇవి పనికొస్తాయా?”

ఆమె జడలో కనకాంబరాలు. మొగుడు బుట్ట పట్టుకుని వెనకాల నిలబడ్డాడు. నా లోపల ఆ పాత మంట చటుక్కున లేచింది. అది నాతోనే ఉంటుంది, నాకు దాని సంగతి తెలుసు.

“తీసుకో బిడ్డా. తాపీ వంగితె తొక్కి సాపు చేస్కో. కత్తెర స్ప్రింగు పోతె రబ్బరు ముక్క పెట్టు. కత్తి మాత్రం గిట్లనే వాడకు. ఇంటికి పోయినంక చాయ కప్పు అడుగున నూరు, తర్వాత తోలు మీద గుంజు. వాడినప్పుడల్లా గుంజాలె.”

“తోలా? తోలు ఎక్కడిది మాకు?” అని, కిందికి చూసి ఫక్కున నవ్వింది. “అయ్యో, ఈయన కాళ్లకే ఉన్నాయి కదండీ తోలు చెప్పులు! ఇప్పండి, ఇప్పండి!” అంటూ ఉత్తుత్తికే ఆ అబ్బాయి కాళ్ల మీదికి వంగింది.

నేను ఆమె భుజం పట్టుకుని లేపాను.

“ఉండనీ బిడ్డా. అవి ఆయన కాళ్లకే ఉండనీ. పాత బెల్టు ఉంటె చాలు.”